అమ్మేవాడి డ్రైవర్

ఎక్కడో విదేశాల్లో రెండు కంప్యూటర్ కంపెనీలు కలిసిపోతున్నాయని పేపర్లో పడితే, చదివి పేజీ తిప్పేసేవాళ్ళే ఎక్కువ. నేను మాత్రం ఆ రోజు తాగుతున్న టీ మధ్యలో వదిలేసి, మెషీన్ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఓరియన్ మీద చెయ్యి వేసి చూశాను, పిల్లకి జ్వరం ఉందేమో చూసినట్టు. అది మామూలుగానే ఉంది. నాకే బాగాలేదు.

అది 2001 సెప్టెంబరు. నా పేరు నాగుల్ మీరా, అప్పటికి నలభై ఆరేళ్ళు. భవానీపురంలో రామకోటి పార్సిల్ సర్వీస్ అని ఒకటి ఉండేది. డెల్టాలో ఏ ఊరికి ఏ బేలు వెళ్ళాలన్నా మా లారీలోనే వెళ్ళేది. అందులో నేను కంప్యూటర్ ఇన్‌ఛార్జిని. ఇన్‌ఛార్జి అంటే నా కింద ఓ పదిమంది ఉన్నారనుకునేరు. ఆ గదికి నేను, నాకు ఆ గది, అంతే.

ఓరియన్ అంటే మా సర్వర్లో ఉన్న ప్రాసెసర్ పేరు. డన్‌మోర్ అనే కంపెనీ దాన్ని తయారుచేసేది. వేగంలో దానికి సాటి లేదు, ఈ మాట నేను ఇప్పటికీ అంటాను. ఆ డన్‌మోర్‌ని లార్క్‌వెల్ అనే ఇంకా పెద్ద కంపెనీ కొనేస్తోందని వార్త. లార్క్‌వెల్ వాళ్ళ సర్వర్లలో ఉండేది మామూలు పీసీల్లో వాడే రకం ప్రాసెసరే. అంటే ఇక మీదట ఒకే ఇంట్లో రెండు రకాలు. రెండు కాపురాలు ఒక ఇంట్లో చేరినప్పుడు ఎవరి గ్రైండరు వాడతారో, ఎవరిది అటక ఎక్కుతుందో మొదటి రోజు ఎవరూ మాట్లాడరు. ఆరు నెలలు పోయాక అటక మీదకి చూస్తే తెలుస్తుంది.

హైదరాబాదులో ఉన్న డన్‌మోర్ సేల్స్ ఆయనకి ఫోన్ చేశాను. "ఏమీ మారదు సార్. కస్టమర్లు కోరినంతకాలం ఓరియన్ కొనసాగుతుందని పైవాళ్ళు రాతపూర్వకంగా ఇచ్చారు" అన్నాడు. నా ప్రాణం కుదుటపడింది.

ఆ సాయంత్రం మా ఇంటికి అబ్దుల్లా వచ్చాడు. మా ఆవిడ షహనాజ్‌కి తమ్ముడు. ఆటోనగర్లో లారీ స్పేర్ పార్టుల షాపు అతనిది. నేను సంబరంగా చెప్పిందంతా విని, చేపముక్క ముల్లు తీసుకుంటూ అన్నాడు.

"ఆపం అని వాళ్ళంతట వాళ్ళే చెప్పారా బావా?"

"అవును. రాసిచ్చారు."

"అయితే ఆపేస్తారు. ఆ ఆలోచన లేనోడు ఆపం అని కాయితం ఎందుకు రాస్తాడు? మాకు తొంభై రెండులో ఓ లారీ కంపెనీ చేతులు మారింది. అప్పుడూ ఇదే కాయితం. రెండేళ్ళకి క్లచ్ ప్లేటు కోసం మద్రాసు దాకా వెతికాం."

"లారీ వేరు, ప్రాసెసర్ వేరు. మంచి సరుకుని ఎవరైనా ఆపుకుంటారా?"

"మంచిదా చెడ్డదా అని కాదు బావా చూసేది, ఎంతమంది కొంటున్నారని చూస్తారు. నేనే ఉన్నాను. నాలుగు రకాల బండ్లకి సరిపోయే బేరింగు షాపులో పెడతాను. ఒక్క బండికే సరిపోయేదైతే, బంగారంతో చేసినా పెట్టను. కొత్త ఓనరు కూడా అంతే."

షహనాజ్ మధ్యలో కూర వడ్డిస్తూ, "వాడు చెప్పేది వినండి కాస్త" అంది. నేను వినలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అబ్దుల్లా మాట నిజం కావడానికి ఇరవై నెలలు పట్టింది. ఓరియన్ తయారీ నిలిపేస్తున్నామని మర్యాదగా ఓ ఉత్తరం వచ్చింది. అయితే ఆ ఉత్తరం వచ్చేనాటికి మా ఆఫీసులో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఎందుకు పట్టలేదో చెప్పడానికే ఇదంతా.

నా మొండితనానికి ఓ కారణం ఉంది, దాచను. మా పార్సిల్ సర్వీసుకి ప్రాణం లోడింగ్ షీటు. లారీలో ఏ మూట ముందు ఎక్కాలి, ఏది తర్వాత ఎక్కాలి అని చెప్పే కాగితం అది. దారిలో చివరి ఊళ్ళో దిగేది అన్నిటికంటే ముందు ఎక్కాలి, మొదటి ఊళ్ళో దిగేది తలుపు దగ్గర ఉండాలి. వినడానికి ఇంతే. ఇరవై ఏడు బ్రాంచీలు, ఒక్కో లారీలో మూడు నాలుగు వందల మూటలు ఉన్నప్పుడు చేసి చూస్తే తెలుస్తుంది. ఆ ప్రోగ్రామ్ నేను రాశాను. అందరూ రాసే భాషలో కాదు, ఓరియన్‌కి మాత్రమే అర్థమయ్యే దాని సొంత భాషలో రాశాను. అందుకే అది అంత వేగంగా పరిగెత్తేది. అందుకే దాన్ని ఇంకో ప్రాసెసర్ మీద పెడితే ఒక్క అక్షరం కదలదు. పన్నెండేళ్ళ పని. ఓరియన్ పోతే అదంతా చిత్తుకాగితం. దాంతోపాటు నేనూ. నలభై ఆరేళ్ళ వయసులో కొత్త పిల్లల పక్కన కూర్చుని అఆలు దిద్దుకోవాలన్న ఊహే నాకు గిట్టేది కాదు. భయం అనే మాట అప్పుడు ఒప్పుకునేవాణ్ణి కాదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే కొత్త సర్వర్ కొనాల్సి వచ్చింది. ఉన్నది మా రెండో ఓరియన్, తొంభై ఆరులో తెచ్చింది, బ్రాంచీలు పెరిగి దానికి ఊపిరాడటం లేదు. మా ఓనరు రామకోటేశ్వరరావు గారు నన్ను పిలిచారు. ఆయన ఒకప్పుడు లారీ తోలిన మనిషి. మొదట ఒక్క బండి, అదీ సెకండ్ హ్యాండ్‌ది. కంప్యూటర్ అంటే ఆయనకి భయమూ లేదు, భక్తీ లేదు.

"ఏం మీరా, మన కంప్యూటర్ కంపెనీ అమ్ముడుపోయిందంటగా?"

"ఏం మారదంటున్నారండి. కొత్త ఓరియన్ తెచ్చుకుంటే మన ప్రోగ్రామ్ ఉన్నదున్నట్టు ఎక్కేస్తుంది."

"రేపు వాళ్ళు ఆపేస్తే?"

"ఆపరండి. దాని స్పీడులో సగం కూడా రాదు మిగతావి."

ఏలూరు రోడ్డులో మామూలు సర్వర్లు అమ్మే షాపు వాళ్ళు కూడా వచ్చి అడిగారని, వాళ్ళదీ చూద్దామని అన్నారు. వాళ్ళ తరఫున ఒక అమ్మాయి వచ్చి మా పని చూసుకుని, తన ప్రోగ్రామ్ రాసి, వాళ్ళ డెమో సర్వర్ మీద నడిపి చూపిస్తుందట. ఇష్టం లేకపోయినా తల ఊపాను.

ఆ అమ్మాయి పేరు ఏంజెల్. ఇరవై ఆరేళ్ళుంటాయి, ఉయ్యూరు నుంచి రోజూ బస్సులో వచ్చేది. నేను లోడింగ్ షీటు సంగతి గంటసేపు చెప్పి, మిగతాది నీకే తెలుస్తుందిలే అని వదిలేశాను. తను విసుక్కోలేదు. ముఠా కార్మికులతో మాట్లాడింది, డ్రైవర్లతో మాట్లాడింది. ఓ ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక వాళ్ళ తమ్ముణ్ణి తోడు తీసుకుని మా లారీ క్యాబిన్‌లో కూర్చుని అవనిగడ్డ దాకా వెళ్ళొచ్చింది. ప్రోగ్రామ్ రాయడానికి లారీ ఎక్కడమేమిటని నేను నవ్వాను. మా ముఠా మేస్త్రి జాన్‌బాబు మాత్రం నవ్వలేదు. "మమ్మల్ని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదండీ ఇయ్యన్నీ" అన్నాడు. అది నన్నే అన్నాడని నాకు తట్టలేదు.

ఆరు వారాలకి తన ప్రోగ్రామ్ తయారైంది. దసరాకి ముందు, కొత్త బట్టల బేళ్ళు విపరీతంగా వచ్చే వారంలో పరీక్ష పెట్టారు. అవనిగడ్డ దారిలో ఒకే రోజు రెండు లారీలు వెళ్ళాలి. ఒకదానికి ఓరియన్ షీటు, ఇంకోదానికి ఏంజెల్ సర్వర్ షీటు. కొత్త ఓరియన్ తెచ్చినా దాని మీద నడిచేది నా ప్రోగ్రామే కాబట్టి, ఉన్నదాని మీదే పరీక్ష చాలనుకున్నాం. నాకు ధీమాగానే ఉంది.

అప్పుడు ఓనరు గారు ఒక మాట అన్నారు.

"మీరా, నువ్వు ఆ అమ్మాయి దాని మీద కూర్చో. అమ్మా, నువ్వు ఓరియన్ మీద కూర్చో."

"అదేంటండి?"

"పాత బండి బేరమాడేటప్పుడు అమ్మేవాడి డ్రైవర్‌ని స్టీరింగ్ ముట్టుకోనివ్వను నేను. ఆడికి బండి రోగం తెలుసు. గేరు ఎక్కడ జారుద్దో అక్కడ కాలితో కాస్తాడు, బ్రేకు పట్టదనుకుంటే ముందే రెండు సార్లు తొక్కుతాడు. మనం పక్కన కూర్చుని, అబ్బ ఎంత మెత్తగా పోతందో అనుకుంటాం. కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నాక తెలుస్తాది."

నాకు కోపం వచ్చింది. నన్ను మోసగాడి కింద జమకట్టినట్టనిపించింది. అయినా ఓరియన్‌కి రోగం ఏముంది కనక, కానివ్వమన్నాను. ఎలా నడపాలో రాసిన పుస్తకం ఏంజెల్ చేతికిచ్చాను. నేను రాసిందే, నాలుగు పేజీలుంటుంది.

మా అవనిగడ్డ లారీ చుట్టు తిరిగి వస్తుంది. విజయవాడ నుంచి కృష్ణ పక్కన కరకట్ట మీదుగా తోట్లవల్లూరు, మోపిదేవి, అవనిగడ్డ. అక్కణ్ణించి చల్లపల్లి, పామర్రు, ఉయ్యూరు మీదుగా తిరిగి ఇంటికి. వాన పడితే కరకట్ట మీద బురదలో లారీ కదలదు. అప్పుడు తిరగేసి వెళ్ళాలి, ముందు ఉయ్యూరు, తెల్లారి కట్ట కాస్త ఆరాక చివర తోట్లవల్లూరు. అలాంటి రోజున లోడింగ్ కూడా తలకిందులవ్వాలి.

పరీక్ష రోజున విజయవాడలో చుక్క వాన లేదు. నాలుగు గంటలకి తోట్లవల్లూరు బ్రాంచి నుంచి నాకు ఫోన్ వచ్చింది. "ఇక్కడ పొద్దుట్నించీ ఒకటే వానండీ. కట్ట మీదకి బండి రాదు." సరేనని పెట్టేశాను. వానాకాలంలో అలాంటి ఫోన్లు నాకు వస్తూనే ఉంటాయి. వచ్చినప్పుడు ఓరియన్ మీద కూర్చుని ఊళ్ళ వరస చేత్తో తిరగరాసి షీటు తీస్తాను. రెండు నిమిషాల పని. అలా తీస్తానని నేను ఎవరికీ చెప్పలేదు. దాయాలని కాదు, చెప్పాల్సిన విషయమని ఎప్పుడూ అనిపించలేదు. నాలుగు పేజీల పుస్తకంలో ఆ మాట లేదు.

గుర్తొచ్చింది. ఏంజెల్ అవతల ఓరియన్ ముందు కూర్చుని నా పుస్తకం తిప్పుతోంది. లేచి వెళ్ళి చెప్పాలి. చెబితే, ఓరియన్‌కి అది తెలియదని చెప్పినట్టే. కూర్చునే ఉన్నాను.

ఐదున్నరకి నా ముందున్న స్క్రీన్ మీద తన ప్రోగ్రామ్ నడిపాను. షీటు తీసేముందు అది ఒక ప్రశ్న అడిగింది. తెలుగులో, పెద్ద అక్షరాలతో. 'ఈ రోజు కరకట్ట దారి తెరిచి ఉందా? అవును / కాదు.'

ఆదివారం లారీ ఎక్కి ఈ పిల్ల తెచ్చుకున్నది ఇదా అనుకున్నాను. 'కాదు' నొక్కితే తన షీటు సరిగ్గా వస్తుంది, ఓరియన్ షీటు తప్పుగా వస్తుంది. లోకమంతా ఓరియన్‌ని ఆపినా ఆపకపోయినా, మా భవానీపురంలో మాత్రం ఈ రోజుతో ఆగిపోతుంది. 'అవును' నొక్కితే రెండూ తప్పుగా వస్తాయి. అప్పుడు తక్కెడ సమం. సమంగా ఉంటే ఓనరు గారు పాతకాపునే ఉంచుకుంటారు.

అవును నొక్కాను.

ఏడు గంటలకల్లా రెండు లారీలూ నిండిపోయాయి. తాడు బిగిస్తుండగా డ్రైవర్లలో ఒకడు ఎదురుగా ఉన్న టెలిఫోన్ బూత్‌కి వెళ్ళి తోట్లవల్లూరుకి ఫోన్ చేసి వచ్చాడు. కట్ట దారి లేదట, ఉయ్యూరు వైపు నుంచి పోవాలి అన్నాడు. వాళ్ళు నాకు ముందే చెప్పారన్న సంగతి అతనికి తెలియదు. జాన్‌బాబు రెండు లారీల్లోకీ తొంగి చూశాడు. రెండిట్లోనూ తలుపు దగ్గర తోట్లవల్లూరు మూటలు, ఉయ్యూరు మూటలు అడుగున.

"రెండూ దింపాలండీ. ఎనిమిది వందల మూటలు" అన్నాడు. అరవలేదు. ముఠావాళ్ళు అప్పటికే తలగుడ్డలు విప్పి మొహం తుడుచుకుంటున్నారు. విన్నాక మళ్ళీ చుట్టుకున్నారు.

ఓనరు గారు రెండు షీట్లూ తెప్పించుకుని లైటు కింద పట్టుకుని చూశారు. ఓరియన్ షీటు ఇంగ్లీషులో అంకెలూ కోడ్‌లూ. ఏంజెల్ షీటు తెలుగులో ఉంది. దాని కింద ఒక వరస ఉంది, 'కరకట్ట దారి: తెరిచి ఉంది' అని.

"ఈ మాట ఎవరు చెప్పారమ్మా దీనికి?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాను. ఏంజెల్ మొహం చిన్నబోయింది.

"నాదే పొరపాటండీ. అది అడుగుతుంది, మనం జవాబు చెప్పాలి. అర్థమయ్యేలా పెట్టలేకపోయాను. మీరా సార్‌కే అర్థం కాలేదంటే రేపు బ్రాంచీల్లో వాళ్ళకేం అర్థమవుతుంది? ఆ ప్రశ్న తీసేస్తానండి." నా వైపు తిరిగి, "సారీ సార్, మిమ్మల్ని కంగారు పెట్టేశాను" అంది.

చేతిలో చిన్న నోటు పుస్తకం ఉంది. అందులో ఆ ప్రశ్న రాసుకున్న చోటు వెతికి కొట్టేయబోయింది.

ఆ పిల్ల నన్ను అనుమానించి ఉంటే నేను పోట్లాడేవాణ్ణి. నలుగురిలో నిలదీసి ఉంటే అబద్ధమాడేవాణ్ణి. నేను అలాంటి పని చేస్తానన్న ఊహ కూడా రాకుండా, తన లెక్కలో సరైనదాన్నే తప్పనుకుని కొట్టేస్తోంది. నాకు సిగ్గేసింది. నా జీవితంలో అంత సిగ్గు నాకు ముందూ లేదు, తర్వాతా లేదు.

"కొట్టెయ్యకమ్మా" అన్నాను. "ప్రశ్న నాకు అర్థమైంది. కట్ట దారి లేదని నాలుగింటికే నాకు ఫోన్ వచ్చింది. తెలిసే అవునని నొక్కాను."

జాన్‌బాబు ఒక్కసారి నా వైపు చూసి, మనుషుల్ని పిలుచుకుని లారీ దగ్గరికి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఓనరు గారు షీట్లు మడిచి పక్కన పెట్టారు.

"నువ్వొచ్చి ఎన్నేళ్ళయింది మీరా?"

"పన్నెండండి."

"వాన పడ్డప్పుడల్లా నీకు ఫోన్లు వస్తానే ఉన్నాయా?"

"వస్తాయండి."

"ఆ సంగతి ఓరియన్‌కి తెలుసా?"

"తెలీదండి. నేనే చేత్తో మార్చేవాణ్ణి."

"మరి ఇన్నేళ్ళూ నేను దేన్ని చూసి మెచ్చుకున్నాను?"

కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు, నేను ఆ కాకిపిల్ల తరఫున పన్నెండేళ్ళు నేనే ఎగిరాను. అదే ఎగురుతోందని ఊరంతా చెప్పుకున్నాను, నేనూ నమ్మాను.

"మామూలుదే కొందాం" అన్నారాయన. "ఆ రెండు కంపెనీల్లో ఎవరు ఎవర్ని మింగినా మనకి బాధ లేకుండా ఉంటాది."

"నన్ను రేపట్నించి రావొద్దంటారా?"

"నువ్వు రాకపోతే ఆ అమ్మాయికి చెప్పేదెవరు? నీ బుర్రలో ఉన్నయ్యన్నీ చెప్పు. రేపు కాదు, ఇప్పుడే మొదలుపెట్టు." లేచి లారీల దగ్గరికి వెళ్తూ, వెనక్కి తిరక్కుండానే అన్నారు, "ఆళ్ళు దింపడం అయ్యేదాకా నువ్వూ ఇంటికి పోవద్దు."

ప్లాట్‌ఫారం మీద బేళ్ళ పక్కన రెండు స్టూళ్ళు వేసుకుని కూర్చున్నాం. ఎదురుగా ముఠావాళ్ళు ఎక్కించినవే దింపుతున్నారు. ఏంజెల్ నోటు పుస్తకం తెరిచి, ఒకటి అని అంకె వేసుకుని, చెప్పండి సార్ అంది. ఆ గొంతులో కోపం లేదు. మునుపటి చనువూ లేదు.

మైలవరం బ్రాంచి శుక్రవారం మధ్యాహ్నం మూసి ఉంటుందని, ఆ రోజు వాళ్ళ మూటలు వెనక్కి జరపాలని చెప్పాను.

"ఇది ఓరియన్‌లో ఉందా సార్?"

"లేదమ్మా. నేనే మారుస్తాను."

రాసుకుంది. రేపల్లె వెళ్ళే మందుల పెట్టెల మీద ఏమీ పెట్టకూడదని చెప్పాను. గుడివాడ వాళ్ళు చెప్పే బరువు కంటే మూటలు ఎప్పుడూ ఎక్కువ తూగుతాయని చెప్పాను.

"ఇది ఓరియన్‌లో ఉందా సార్?"

"లేదు."

చెబుతూ పోయాను. అంకె వేసి, రాసుకుని, ప్రతిసారీ అదే అడిగింది. ప్రతిసారీ లేదనే చెప్పాను. ఏడోదాని దగ్గర అడగడం మానేసింది.